చెలక మట్టితో నెల రోజులు: చలికాలపు పెరటి పని

మహబూబ్‌నగర్‌లోని మా పెరడు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. నేల ఎర్ర చెలక కావడం వల్ల, వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది. మెంతి, కొత్తిమీర వంటి సన్నని మొలకలు దానిని చీల్చుకొని రాలేవు. నిరుడు దసరా కాగానే మట్టిని సిద్ధం చేయకుండానే టమాట నారు పోశాను. మొదళ్లు కుళ్లి, మూడు రోజుల్లో నారంతా వాలిపోయింది. కనుక ఈసారి విత్తనం కంటే ముందు మట్టి సంగతి చూడాలని నిశ్చయించుకున్నాను.

మొదటి వారం: సద్దుల బతుకమ్మకు పూలు కోసిన బంతి చెట్లను పారవేయకుండా, వాటి వేర్లు మట్టిలోని నులిపురుగులను తగ్గిస్తాయి కాబట్టి, ముక్కలుగా నరికి అదే మడిలో కలిపి తవ్వాను. బాగా చివికిన పెంట ఎరువు 45 కిలోలు, వేపపిండి 5 కిలోలు, నారు కుళ్లును అడ్డుకునే బూజైన ట్రైకోడెర్మా విరిడి పొడి ఒక కిలో కలిపి, నీళ్లు చిలకరించి, జామ చెట్టు నీడలో కుప్పగా పోసి, తడి గోనె సంచులు కప్పాను. ఎండ తగిలినా, తడి ఆరినా ఆ మేలు చేసే బూజు చనిపోతుంది కనుక పది రోజులూ పొద్దున్నే సంచులు తడుపుతూ వచ్చాను. ఎనిమిదో నాడు కుప్ప లోపల తెల్లని పోగులు, అక్కడక్కడ ఆకుపచ్చ పొడి కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మూడో వారం: తుఫాను వానలకు నీరు నిలవకుండా అర అడుగు ఎత్తున మడులు కట్టి, ఆ ఎరువు కలిపి, టమాట, క్యాబేజీ నారు పలుచగా పోశాను. అత్తమ్మ చెప్పినట్లు ధనియాలను బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి విత్తాను. పెచ్చు కట్టకుండా పల్లికాయ పొట్టును పైన పలుచగా చల్లాను. పాలమూరులో దానికి కొదువ లేదు. పొట్టు పరచిన మడిలో కొత్తిమీర పదో నాటికే వరుసగా మొలిచింది; పరచకుండా వదిలిన మూలలో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి వచ్చింది.

ఆషాఢంలో పెట్టిన చిక్కుడు తీగ, పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది కనుక, ఇప్పుడు పందిరి నిండా పూతతో ఉంది. చలి మొదలవగానే లేత కొసలకు పేనుబంక పట్టింది. ఎక్కువగా పట్టిన కొసలను తుంచివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తున్నాను. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి కాబట్టి, మడులకు మాత్రం పొద్దుటి పూటే మొదళ్లలో నీళ్లు పోస్తున్నాను.

ఈ రోజుకు టమాట నారు 34 మొక్కలు నిలిచాయి, ఒక్కటీ కుళ్లలేదు. వచ్చే ఆదివారం చల్లబడ్డాక, వరుసల మధ్య రెండు అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర వదిలి వాటిని నాటుతాను.