బీటా 0.19 దగ్గర మొండికేసిన పొర: వెలాసిటీ డిస్పర్షన్ లాగ్, విజయవాడ

చిక్కు విడిపోయింది! కంప్యూటర్‌లో సృష్టించిన ఒక గెలాక్సీ కేంద్రం నుంచి 12–18 కిలోపార్సెక్‌ల (ఒకటి దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు) పొరలో 0.193 దగ్గర పాతుకుపోయిన బీటా ఇప్పుడు 0.018. కణాల వేగాల చెల్లాచెదురు కేంద్రం దిశలో ఎక్కువో, అడ్డదిశలో ఎక్కువో చెప్పే అంకె బీటా; రెండూ సమానమైతే సున్నా. డార్క్ మ్యాటర్ హేలో (గెలాక్సీని చుట్టి ఉండే కంటికి కనబడని పదార్థపు గుంపు) నడిబొడ్డున బీటా సున్నాకు దగ్గరగా ఉండాలి, బయటికి పోయేకొద్దీ మెల్లగా పెరగాలి. ఇన్నాళ్లూ లోపలి పొరల్లోనే గుట్టలా లేచి, 40 కిలోపార్సెక్‌లు దాటాక తగ్గి, మళ్లీ పెరిగేది. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండేది.

డేటా ఇలస్ట్రిస్ టీఎన్‌జీ100-1 (విశ్వం ఎదుగుదలను లెక్కించిన కంప్యూటర్ సిమ్యులేషన్), స్నాప్‌షాట్ 99 (నేటి విశ్వం), ఒక గ్రూపు నడుమ ఉన్న పెద్ద సబ్‌హేలో (ఒక్క గెలాక్సీ, దాని హేలో) కటౌట్, అంటే దాని కణాలు మాత్రమే ఉన్న ఫైల్. పైథాన్ లైబ్రరీ హెచ్5పైతో చదివి, కణాల డేటాను విశ్లేషించే మరో లైబ్రరీ పైన్‌బాడీ ఖాళీ ఆబ్జెక్ట్‌లో నింపడమే నాకు నచ్చిన దారి, యూనిట్లు మన చేతిలో ఉంటాయి. డార్క్ మ్యాటర్‌కు మాస్ ఫీల్డ్ ఉండదు, హెడర్‌లోని మాస్ టేబుల్ నుంచి తీసుకోవాలి. స్టార్ల లైన్ ఆఫ్ సైట్ (చూపు దిశలోని వేగాల) ప్రొఫైల్ మొదటి రన్‌లోనే శుభ్రంగా వచ్చింది.

ఇక ఆ పొర సంగతి. పైన్‌బాడీ ఇచ్చిన వీఎక్స్, వీవై, వీజెడ్ (మూడు అక్షాల మీది వేగాలు) డిస్పర్షన్లు 231, 226, 229 కి.మీ./సె. డిస్పర్షన్ అంటే వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, సిగ్మా అన్నా అదే. వీఆర్ (కేంద్రం నుంచి బయటికో లోపలికో ఉండే వేగం) డిస్పర్షన్ మాత్రం 245. పైన్‌బాడీ బీటాను 1.5 − (మూడింటి వర్గాల మొత్తం ÷ (2 × వీఆర్ వర్గం))గా లెక్కిస్తుంది. 156878ని 120050తో భాగిస్తే 1.307, బీటా 0.193. అంటే లెక్కలో తప్పేమీ లేదు. ఆ 245 ఎక్కడిదన్నదే ప్రశ్న.

మొదటి అనుమానం నాయిస్ మీద. పొరలో సుమారు 15 వేల కణాలున్నాయి. సిగ్మాలో పొరపాటు సిగ్మా ÷ √(2ఎన్) (ఎన్ కణాల సంఖ్య), అంటే 1.3 కి.మీ./సె. బీటాలో అది 0.02కి మించదు. 0.19 దానికి పదింతలు. తర్వాత సాఫ్టెనింగ్ (మరీ దగ్గరి కణాల మధ్య ఆకర్షణను సిమ్యులేషన్ మొద్దుబార్చే దూరం): ఇక్కడ 0.74 కిలోపార్సెక్, దాని 2.8 రెట్లు వేసినా 2.1 లోపే ఆగిపోతుంది, ఈ పొర మొదలయ్యేది 12 దగ్గర. లాగ్ బిన్ల (బయటికి పోయేకొద్దీ వెడల్పయ్యే పొరల) బదులు సమాన కణాల బిన్లు పెట్టినా గుట్ట కదల్లేదు. కేంద్రాన్ని 0.5, 1 కిలోపార్సెక్ అటూ ఇటూ జరిపితే బీటాలో 0.01 కూడా మారలేదు. హేలో గుండ్రంగా లేకపోవడం వల్ల నిజంగానే వచ్చిన అనైసోట్రపీయా (దిక్కును బట్టి వేగాల చెల్లాచెదురు మారడం) అని ఒక దశలో గట్టిగా అనిపించింది, ఎందుకంటే అది అసాధ్యమేమీ కాదు.

దారి చూపింది మాత్రం చాలా చిన్న పరీక్ష. పొరను ఎక్స్ అక్షం మీద రెండు సగాలుగా కోసి, ఒక్కో సగంలో సగటు వీఆర్ చూడాలి. పొర నిలకడగా ఉంటే రెండూ సున్నాకు దగ్గరగా రావాలి. వచ్చినవి +57, −61. వై మీద −36, +34. జెడ్ మీద +25, −23. ప్రతి అక్షానికీ ఎదురెదురు గుర్తులే! పొర మొత్తం ఒకే దిక్కుకు సాగిపోతోందన్నమాట. ముందు సగంలోని కణాలు కేంద్రానికి దూరమవుతున్నట్టూ, వెనక సగంలోనివి దగ్గరవుతున్నట్టూ లెక్కలోకి వస్తున్నాయి. అర్ధగోళం మీద సగటు అసలు వేగంలో సగం కాబట్టి రెట్టింపు చేస్తే (118, −70, 48). పొరలోని కణాల సగటు వేగం నేరుగా తీస్తే (118, −71, 48), పరిమాణం 146 కి.మీ./సె.

కారణం సిమ్యులేషన్‌తో వచ్చే సబ్‌హేలోల కేటలాగ్‌లోనే ఉంది. సబ్‌హేలో పొజిషన్ అంటే గురుత్వ పొటెన్షియల్ అతి తక్కువగా ఉన్న, అంటే గురుత్వ గుంత అట్టడుగున ఉన్న కణం చోటు. సబ్‌హేలో వెలాసిటీ అంటే అందులోని అన్ని కణాల మాస్ వెయిటెడ్ సగటు వేగం. కణాల వేగాల్లోంచి తీసేసింది దాన్నే. ఈ హేలోలో నడిబొడ్డు ఆ మొత్తం సగటుతో పోలిస్తే కదులుతోంది. ఇలాంటి స్థిరమైన జరుగుడు వీఎక్స్, వీవై, వీజెడ్ డిస్పర్షన్లను అంటదు, సగటు తీసేయడంతోనే పోతుంది. వీఆర్‌లో పోదు. దిక్కును బట్టి విలువ మారుతుంది కాబట్టి ఆ జరుగుడు వేగం వర్గంలో మూడో వంతు వేరియన్స్‌గా (డిస్పర్షన్ వర్గంగా) మిగులుతుంది. 146 వర్గం 21316, మూడో వంతు 7105. 60025 నుంచి తీసేస్తే 52920, అంటే వీఆర్ డిస్పర్షన్ 230. బీటా 0.018.

మరి పైన్‌బాడీ వెలాసిటీ సెంటరింగ్ వాడితే సరిపోదా? డిఫాల్ట్‌గా అది తీసేసేది కేంద్రం చుట్టూ 1 కిలోపార్సెక్ గోళంలోని సగటు వేగాన్ని. లోపలి పొరలు చక్కబడతాయి, చెడిపోయేది బయట. 200–260 కిలోపార్సెక్‌ల పొర ఆ లెక్కన 120 కి.మీ./సె.తో కదులుతున్నట్టు తేలి, 0.22 ఉండాల్సిన బీటా 0.32 అయింది. ఒకే వేగం అన్ని పొరలకూ నప్పదు. అందుకే ఇప్పుడు ఒక్కో పొరకు దాని సొంత సగటు వేగం తీసేసి, ఆ తర్వాతే వీఆర్ లెక్కిస్తున్నాను. 300 కంటే తక్కువ కణాలున్న పొరను పక్కదానితో కలిపేయడం మేలు. ఒకే కణం ఉన్న బిన్‌లో డిస్పర్షన్ సున్నా వస్తుంది, దాన్ని కొలతగా గ్రాఫ్‌లో పెట్టకూడదు. ఇంకో సంగతి, పైన్‌బాడీలో వీటీ అంటే టాంజెన్షియల్ (అడ్డదిశ) వేగం పరిమాణం. దాని డిస్పర్షన్‌ను నేరుగా బీటా సూత్రంలో పెడితే అర్థం లేని అంకె వస్తుంది.

వైటీ అనే మరో పైథాన్ లైబ్రరీ గ్రిడ్ డేటాకు గొప్ప పనిముట్టు, గ్యాస్ స్లైసులకు దాన్ని మించింది నాకు కనబడలేదు. కణాల ప్రొఫైల్స్‌కు మాత్రం నా ఓటు పైన్‌బాడీకే. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం పెద్ద లూప్ పెడితే లాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ వేగం పడిపోతుంది, కాబట్టి తెల్లవారుజామున నడపడం మంచిది. పొర పొరకూ ఫైల్ సేవ్ చేసుకుంటే కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు.

తర్వాతి పని స్నాప్‌షాట్ 67, రెడ్‌షిఫ్ట్ 0.5 (దాదాపు 500 కోట్ల ఏళ్ల కిందటి విశ్వం). అక్కడ కణాల వేగాలను √ఏ (ఏ అంటే నేటితో పోలిస్తే అప్పటి విశ్వం పరిమాణం), అంటే 0.816తో గుణించాలి. సబ్‌హేలో వెలాసిటీని గుణించకూడదు, అది ముందే కి.మీ./సె.లో ఉంటుంది. ఆ తర్వాత ఎఫ్ఓఎఫ్ గ్రూపు (దగ్గరదగ్గరగా ఉన్న కణాలన్నిటినీ కలిపిన గుంపు) మొత్తం కటౌట్. ఇప్పటి కటౌట్‌లో ఉపగ్రహ గెలాక్సీల కణాలు లేవు, అందులో ఉంటాయి. ఒక క్లస్టర్ పొరలో ఐదో వంతు కణాలు 1000 కి.మీ./సె. తేడాతో పోయే ఉపగ్రహానివనుకుంటే, హోస్ట్ (నడుమ ఉన్న పెద్ద హేలో) సిగ్మా 600, దాని సిగ్మా 150 అయినా కలిపిన సిగ్మా 673 దాకా లేస్తుంది. పొర సగటు తీసేసినా ఆ ఉబ్బు పోదు. సబ్‌ఫైండ్ (సబ్‌హేలోలను గుర్తించే ప్రోగ్రామ్) ఐడీలతో ఆ కణాలను ఏరేసి ఒకటి, ఏరకుండా ఒకటి, రెండు ప్రొఫైల్స్ పక్కపక్కన వేయాలి.