మటన్ కూరలో మత్తుమందు: మా ఇంట్లో షెర్లాక్ హోమ్స్ డిన్నర్

షెర్లాక్ హోమ్స్ థీమ్‌తో డిన్నర్ అనగానే టోపీ, పైపు, భూతద్దం అంటారు అందరూ. అవి డబ్బు పెడితే దొరుకుతాయి. నాకు మాత్రం వడ్డించే తిండే సాక్ష్యం కావాలని పట్టుదల. హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ కథల్లో తిండి ఊరికే రాదు. 1892 డిసెంబరులో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చిన ‘సిల్వర్ బ్లేజ్’లో కేసంతా ఒక మటన్ కూర మీదే నడుస్తుంది. (కథ చదవనివాళ్లు ఇక్కడ కాస్త దాటేయండి, గుట్టు విప్పేస్తున్నాను.) గుర్రపుశాలలో కాపలా ఉన్న కుర్రాడి భోజనంలో ఎవరో నల్లమందు పొడి కలుపుతారు. నల్లమందుకి రుచి ఉంటుంది, చప్పిడి తిండిలో కలిపితే దొరికిపోతుంది. కూరలో అయితే మసాలా దాన్ని కప్పేస్తుంది. ఆ రాత్రి అక్కడ తచ్చాడిన బయటివాడు ఆ ఇంట్లో కూరే వండేలా చేయలేడు. అంటే అనుమానం ఇంటివాళ్ల మీదికే తిరగాలి. కారం తిని పెరిగిన మనకి ఇంతకంటే దగ్గరి కేసు ఇంకేం కావాలి?

మేముండేది ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో దొరికేది లేత గొర్రె మాంసమే, ముదురు మటన్ కావాలంటే హలాల్ కసాయి కొట్టుకి వెళ్లాలి. అది పెద్ద పని కాదు. అసలు పని కూర పొడితో మొదలైంది.

విక్టోరియా కాలం ఇళ్లలో వంటకి పెద్ద దిక్కు 1861లో వచ్చిన ఇసబెల్లా బీటన్ పుస్తకం. ఆవిడ 28 ఏళ్లకే చనిపోయింది. అందులో కూర పొడి లెక్క చూసి ఒక్క క్షణం ఆగిపోయాను. ధనియాలు ఎంతో పసుపు అంత! ఆ లెక్కనే కుదించి ధనియాలు 40 గ్రాములు, పసుపు 40, దాల్చినచెక్క 20, మెంతులు 20, ఆవాలు 10, శొంఠి 10, ఆల్‌స్పైస్ 5, కారం 5 తీసుకున్నాను. జీలకర్ర లేదు, మిరియాలు లేవు. వీడియో కాల్‌లో గిన్నె చూపిస్తే అమ్మ అడిగింది, “ఇంత పసుపు పేరంటంలో కాళ్లకి రాస్తారు గానీ కూరలో వేస్తారటే?” అన్నీ కలిపి రాత్రంతా సన్నటి వేడి ఉన్న అవెన్‌లో ఉంచి, పొద్దున దంచి జల్లించాలి. ఇంతా చెప్పి చివర్లో బీటనమ్మ, మంచి కొట్లో కొన్న పొడే మామూలుగా దీనికంటే బాగుంటుందని రాసింది. నవ్వొచ్చింది, అయినా చేశాను.

ఆవిడ పద్ధతిలో మటన్ కూర అంటే మిగిలిపోయిన మాంసాన్ని మళ్లీ ఖర్చుపెట్టడం. అందుకని ముందురోజే కాలు భాగం రోస్ట్ చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు ఉల్లిపాయలు చక్రాల్లా తరిగి వెన్నలో లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి, చెంచాడు కూర పొడి, చెంచాడు మైదా, ఉప్పు కలిపి, సన్నగా కోసిన చల్లటి మటన్ ముక్కలు వేసి, కొద్దిగా స్టాక్ పోసి అరగంట సన్నటి సెగ మీద ఉడికించాలి. చుట్టూ అన్నం కంచెలా పేర్చి మధ్యలో కూర వడ్డించాలి. అల్లం వెల్లుల్లి వేయకుండా చేతులు కట్టేసుకోవడమే ఇందులో కష్టమంతా. గరం మసాలా డబ్బా వైపు మా ఆయన చూపు వెళ్లినప్పుడల్లా “వద్దు” అనాల్సి వచ్చింది. మన రుచికి సర్దేస్తే ఇక విక్టోరియా కాలం ఎక్కడుంటుంది? ముందు వడ్డించే, కూర పొడి వేసి చేసే ముల్లిగటానీ సూప్ కూడా అంతే, ఆరు ఉల్లిపాయలకి ఒకే ఒక్క వెల్లుల్లి రెబ్బ.

మత్తుమందుకి బదులు మెంతిపొడి ఎంచుకున్నాను. ముందుగా మా ఆయన మీద ప్రయోగం. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో అర చెంచా కలిపి పెడితే మొదటి ముద్దకే మొహం ముడుచుకుని, “ఏం కలిపావు ఇందులో?” అన్నాడు. అంతే పొడి కూరలో కలిపితే ఏ అనుమానమూ రాలేదు. డాయిల్ తర్కం మా వంటింట్లో నిలబడింది.

కేసు నేనే అల్లాను: ఒక ముసలావిడ హారం పోయింది, కాపలావాడు భోజనం చేసి నిద్రపోయాడు. ఒక్కో వంటకంతో ఒక్కో ఆధారం బయటపడాలి. ఆ కాలానికి ఇది చక్కగా కుదిరింది. అన్నీ ఒకేసారి బల్ల మీద పరిచే ఫ్రెంచ్ పద్ధతి పోయి, ఒకదాని తర్వాత ఒకటి తెచ్చే రష్యన్ పద్ధతి ఇంగ్లండ్‌లో స్థిరపడింది అప్పుడే. ఆధారాలు కూడా హోమ్స్ కథల్లోవే. ‘సిక్స్ నెపోలియన్స్’లో ఎండరోజు వెన్నలో పార్స్‌లీ (కొత్తిమీరలాంటి ఆకు) ఎంత లోతుకి దిగిందో చూసి హోమ్స్ ఒక భయంకరమైన కేసు పట్టుకున్నానంటాడు. (ఆ కథ వచ్చింది 1904లో, అప్పటికి విక్టోరియా రాణిగారు లేరు. అయినా వదలబుద్ధి కాలేదు.) మా శీతాకాలంలో వెన్న రాయిలా ఉంటుంది కాబట్టి, మెత్తబెట్టి, రెమ్మని వేలితో గుచ్చి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను. దొంగ సాక్ష్యమే, కానీ బల్ల మీద బాగా పండింది. ‘నావల్ ట్రీటీ’ అనే ఇంకో కథలో పోయిన కాగితాలు టిఫిన్ పళ్లెం మూత కింద దొరుకుతాయి కదా, దానికోసం చారిటీ షాపులో గుండ్రటి స్టీలు మూత సంపాదించాను.

కాపలావాడి వేషం మా తమ్ముడిది, మెంతిపొడి పళ్లెం కూడా వాడిదే. చేదు పసిగట్టి గోల చేస్తాడేమోనని చూస్తూ కూర్చున్నాను. వాడు అన్నం కంచెతో సహా ఊడ్చేసి, “అక్కా, ఇంకొంచెం ఉందా?” అన్నాడు. మెంతికాయ తిని పెరిగిన నాలుక మరి!

మాంసం, గుడ్డు ముట్టని స్నేహితురాలికి అదే పొడితో బంగాళాదుంప కూర విడిగా చేశాను. ఆమె పళ్లెం వేరు కాబట్టి అందరి అనుమానం ముందు ఆమె మీదికే వెళ్లింది. చిక్కు విప్పింది మా వదిన. “మందు ఎవరు కలిపారని కాదు, ఇవాళ కూర వండమని చెప్పిందెవరు?” అంటూ వంటమనిషి వేషంలో ఉన్న బావగారి వైపు తిరిగింది. మూత తీస్తే హారం అక్కడే ఉంది.

చివర్లో బర్డ్స్ కస్టర్డ్. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడదని, 1837లో గుడ్డు లేకుండా తయారుచేసిన పొడి అది. మా స్నేహితురాలు నిశ్చింతగా రెండోసారి పెట్టించుకుంది. ఉడికించిన క్యారెట్లు మాత్రం అలాగే మిగిలాయి. పెద్ద క్యారెట్‌ని దాదాపు రెండు గంటలు ఉడికించమంటుంది బీటనమ్మ, అంతసేపు ఉడికాక దాంట్లో ఏముంటుంది?

మీరూ చేయాలనుకుంటే గిన్నెల సంగతి ముందే ఆలోచించుకోండి. వంటకానికో పళ్లెం, పళ్లేనికో చెంచా. పనివాళ్లున్న ఇళ్ల పద్ధతి ఇది. మా ఇంట్లో బట్లర్ వేషం వేసిన మా ఆయనే రాత్రి సింక్ దగ్గర నిలబడి, ఈసారి హోమ్స్ వేషం తనకే కావాలని గట్టిగా చెప్పాడు.