వాళ్ళు తవ్విన కాలువకి వాళ్ళ దగ్గరే ధర

అమెరికా రైతులకీ రైల్వే కంపెనీలకీ మధ్య గొడవలంటే ఎక్కువగా సరుకు రవాణా చార్జీల గురించే రాస్తారు. గ్రేంజ్ అనే రైతు సంఘాలు, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు తెచ్చిన చట్టాలు, అలా చార్జీలకి హద్దు పెట్టొచ్చని 1877లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇవన్నీ పెద్ద విషయాలే. నన్ను మాత్రం వదలకుండా పట్టుకున్నది కాలిఫోర్నియాలోని మస్సెల్ స్లూ అనే ప్రాంతంలో జరిగిన గొడవ.

రైలు మార్గం వేస్తే దాని పక్కన ఒకటి విడిచి ఒకటిగా చదరపు మైలు చొప్పున భూమి ఇస్తామని ప్రభుత్వం సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి మాటిచ్చింది. ఆ భూమి పూర్తిగా చేతికి రాకముందే కంపెనీ కరపత్రాలు పంచింది. వచ్చి సాగు చేసుకోండి, ఎకరం రెండున్నర డాలర్ల నుంచి మొదలు, మీరు నేలని బాగు చేసుకున్నారని చెప్పి ధర పెంచం అని అందులో ఉంది.

రైతులు నమ్మి వచ్చారు. ఎండిపోయిన నేల అది. కింగ్స్ నది నుంచి సొంత కష్టంతో కాలువలు తవ్వుకుని, నీళ్ళు తెచ్చుకుని, గోధుమ పండించాక ఆ నేలకి విలువ వచ్చింది, అప్పుడు కంపెనీ చెప్పిన ధర కొన్నిచోట్ల ఎకరానికి 40 డాలర్ల దాకా పోయింది. అంటే తమ చెమటకి తామే డబ్బు కట్టాలన్నమాట! ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

1878లో రైతులు సంఘం పెట్టుకున్నారు. కోర్టుకీ వెళ్ళారు, కానీ 1879 డిసెంబరులో ఫెడరల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది.

1880 మే 11. అక్కడి హాన్‌ఫర్డ్ ఊళ్ళో రైతు కుటుంబాలన్నీ పిక్నిక్‌కి చేరిన రోజు. ఆ పూటే మార్షల్ (ఫెడరల్ కోర్టు ఆదేశాలు అమలు చేసే అధికారి), కంపెనీ మనిషి, కంపెనీ దగ్గర ఆ భూములు కొన్న ఇద్దరు కలిసి స్వాధీనం చేసుకోడానికి బయల్దేరారు. ఒక ఇంట్లో సామానంతా తీసుకొచ్చి రోడ్డు మీద పెట్టారు. కబురు అందగానే రైతులు గుర్రాలెక్కి పరుగున వచ్చారు, గోధుమ చేను దగ్గర ఎదురుపడ్డారు, మాటామాటా పెరిగి తుపాకులు పేలాయి. ఏడుగురు చనిపోయారు, ఎక్కువమంది రైతులే.

మార్షల్‌ని అడ్డుకున్నారని ఐదుగురికి శిక్ష వేసి శాన్ హోసే జైల్లో పెట్టారు. ఎనిమిది నెలల తర్వాత విడుదలై వస్తే ఊరు వాళ్ళని వీరుల్లా చూసుకుంది. భూమి మాత్రం కంపెనీదే. చాలామంది చివరికి తాము తడిపిన పొలాన్నే డబ్బు కట్టి కొనుక్కున్నారు.