ట్రైలర్‌లో బ్యాటరీ ఛార్జింగ్ తంటాలు: నా అనుభవం

బండి వెనకాల తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది మా ట్రైలర్. బయటి కరెంటుకు ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ దానికి ఏ రోగమూ ఉండేది కాదు. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాను అన్నీ సక్రమంగా నడిచేవి. గోడకున్న చిన్న ప్యానెల్‌లో బటన్ నొక్కితే బ్యాటరీ నిండుగా ఉందని అన్ని లైట్లూ వెలిగేవి. ప్లగ్గు పీకితేనే అసలు రంగు బయటపడేది. ఎల్ఈడీ లైట్లు బాగానే వెలుగుతాయి గానీ, హీటర్ వేస్తే ఫ్యాను ఒక్కసారి మూలిగి ఊరుకుంటుంది. ముందువైపు ఎలక్ట్రిక్ జాకీ కూడా సగం లేచి నిలబడిపోతుంది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో. ట్రైలర్ చిన్నదే, ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు సర్దుకుని పడుకునేంత. కరెంటు స్తంభం ఉన్న స్టేట్ పార్కులకే వెళ్లినన్నాళ్లూ బ్యాటరీ సంగతి ఎవరికీ పట్టలేదు. చలికాలంలో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్దాం అనుకున్నాకే పట్టించుకోవాల్సి వచ్చింది. అక్కడి కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు లేదు, జనరేటర్ వేయనివ్వరు. ఎడారి రాత్రి చలికి హీటర్ తప్పదు. గ్యాస్‌తో మండే హీటరే అయినా, దాని ఫ్యాను తిరగడానికి బ్యాటరీ కావాలి.

దీనికంటే పెద్ద కారణం ఇంకోటుంది. దారిలో ట్రైలర్ పొరపాటున బండి నుంచి ఊడిపోతే, ఒక పిన్ను ఊడి దాని బ్రేకులు వాటంతట అవి పట్టుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, బ్రేక్‌అవే అంటారు. ఆ బ్రేకులకు కరెంటు ఇచ్చేది ట్రైలర్ బ్యాటరీయే. అది పనిచేయకపోతే హైవే మీద మన వెనకాల వచ్చేవాళ్ల పరిస్థితి ఏమిటి?

చూపించిన సర్వీసు సెంటర్లో కుర్రాడు మూత తీయకుండానే "బ్యాటరీ పోయిందండీ, మార్చేయండి" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి బిల్లు చేతిలో పెట్టాడు. నాకు నమ్మకం కలగలేదు. బ్యాటరీని విప్పి కార్ల సామాన్ల దుకాణానికి తీసుకెళ్తే ఊరికే టెస్ట్ చేసిపెట్టారు. బ్యాటరీ మంచిదే, సగానికి దిగి ఉంది, అంతే.

అయితే ఛార్జి ఎందుకు ఎక్కడం లేదు? ముందు సులువైనవి చూశాను. తలుపు పక్కన బ్యాటరీ కట్ చేసే స్విచ్ ఒకటి ఉంటుంది. చాలా ట్రైలర్లలో అది ఆఫ్‌లో ఉంటే ప్లగ్గు పెట్టినా బ్యాటరీకి ఛార్జి వెళ్లదు. మాది ఆన్‌లోనే ఉంది. కరెంటును 12 వోల్టులకు దించి ఛార్జి చేసే పెట్టెను కన్వర్టర్ అంటారు. దాని మీద, బ్యాటరీ వైర్లు తారుమారుగా పెడితే మాడిపోయే ఫ్యూజులు రెండుంటాయి. అవీ బాగానే ఉన్నాయి. ఆ పెట్టెలో పక్కనే 120 వోల్టుల బ్రేకర్లు కూడా ఉంటాయి, ప్లగ్గు పెట్టి మూత తీస్తే చెయ్యి ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి.

తర్వాత వోల్టులు కొలిచే మీటర్ పట్టుకున్నాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి, కాసేపు ఏమీ వాడకుండా వదిలేస్తే 12.6 వోల్టుల పైన చూపించాలి. 12.2 అంటే దాదాపు సగం. ప్లగ్గు పెడితే ఆ అంకె 13 దాటాలి. మా బ్యాటరీ దగ్గర 12.2 చూపిస్తోంది, గంట తర్వాత కూడా అంతే. లోపల కన్వర్టర్ దగ్గర మాత్రం 13.6 ఉంది. అంటే కన్వర్టర్ తన పని తాను చేస్తోంది, బ్యాటరీ కూడా మంచిదే. ఆ 1.4 వోల్టులు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. ప్యానెల్‌లో లైట్లన్నీ ఎందుకు వెలిగాయో అప్పుడు అర్థమైంది. ప్లగ్గులో ఉన్నప్పుడు అది కొలిచేది కన్వర్టర్ ఇచ్చే వోల్టేజీని. అలాంటి ప్యానెల్‌ను ప్లగ్గులో ఉండగా నమ్మడం కన్నా దండగ లేదు.

మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రీషియన్. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే ఫోన్ చేశాడు.

"బావా, బ్యాటరీ విప్పేసి ఆ రెండు వైర్ల మధ్య మీటర్ పెట్టు. ఎంత?"

"13.6."

"సరే, ఇప్పుడు అదే చోట కారు హెడ్‌లైట్ బల్బు కలుపు. కలిపి ఉండగానే మీటర్ చూడు."

పాత హాలోజన్ బల్బు, 55 వాట్లది, గ్యారేజీలో ఉంది. దానికి రెండు వైర్లు చుట్టి కలిపాను. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. మీటర్ 9 దగ్గరికి పడిపోయింది.

"చూశావా, మీటర్ లాగేది సూదంత కరెంటు. తుప్పు పట్టిన జాయింటు గుండా కూడా అది వెళ్లిపోద్ది. బల్బు నాలుగైదు ఆంపియర్లు అడుగుద్ది, అప్పుడు జాయింటు బండారం బయటపడుద్ది. ఇక ఎర్త్ చూడు, అంటే ఇనుప ఫ్రేము గుండా కరెంటు తిరిగొచ్చే దారి. నెగెటివ్ వైరు వదిలేసి, బల్బు రెండో కొసని ఫ్రేము మీద గీకిన చోట పెట్టు."

ఫ్రేము మీద రంగు గీకి, తెల్లటి ఇనుము కనిపించాక పెట్టాను. బల్బు భగ్గున వెలిగింది. మీటర్ 13.4. పాజిటివ్ వైరు, దాని మీదున్న బ్రేకర్, స్విచ్ అన్నీ ఆ ఒక్క దెబ్బతో నిర్దోషులయ్యాయి. తప్పు బ్యాటరీ నెగెటివ్ నుంచి ఫ్రేముకు వెళ్లే మూరెడు వైరుది.

కింద పడుకుని టార్చి వేసి చూశాను. వైరు చివర రింగును ఫ్యాక్టరీలో ఒక సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో బిగించేశారు, అదీ ఫ్రేముకు పూసిన నల్ల రంగు మీదే. స్క్రూ మరలు ఇనుమును పట్టుకున్నంత మేరకే కాంటాక్టు. మేము ఏటా సముద్రం పక్కన మస్టాంగ్ ఐలాండ్‌లో బస చేస్తాం. ఉప్పుగాలి తన పని తాను చేసింది. స్క్రూ తల తుప్పుతో ఉబ్బిపోయింది, రాగి రింగుకు పచ్చటి చిలుము పట్టింది. వైరును కొద్దిగా కదిపితే ఆ చిలుము పొడిపొడిగా నా కళ్లద్దాల మీద రాలింది. పైనుంచి చూస్తే మాత్రం వైరు చక్కగా బిగించే ఉంది, అందుకే ఎవరి కంటా పడలేదు.

రిపేరు పెద్దదేం కాదు. ఎప్పుడైనా నెగెటివ్ ముందు విప్పి చివర్లో పెట్టాలి, లేకపోతే పానా ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ పెట్టెలో హైడ్రోజన్ చేరి ఉంటే అది ప్రమాదం. పాత చోటు వదిలేసి పక్కన కొత్త రంధ్రం వేశాను. చుట్టూ రంగంతా గీకేసి, పళ్ల వాషరు, బోల్టు, నట్టు వేసి కొత్త రింగు బిగించాను. బిగించాకే పైన గ్రీజు పూశాను. కన్వర్టర్ నుంచి ఫ్రేముకు వచ్చే ఎర్త్ కూడా విప్పి శుభ్రం చేశాను, అక్కడ తుప్పు అప్పుడప్పుడే మొదలవుతోంది. ప్లగ్గు పెట్టగానే బ్యాటరీ దగ్గర అంకె మెల్లగా పైకి పాకడం మొదలైంది. ప్లగ్గు తీసి, రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే 12.7. జాకీ ఆగకుండా లేచింది. బ్రేక్‌అవే పిన్ను లాగి, బండితో మెల్లగా లాగి చూస్తే ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయాయి.

అక్కడితో అన్నీ తీరలేదు. మా కాలనీ అసోసియేషన్ ట్రైలర్‌ను ఇంటి ముందు పెట్టనివ్వదు. స్టోరేజీ యార్డులో ఉంచుతాం, అక్కడ కరెంటు లేదు. గ్యాస్ లీకు కనిపెట్టే అలారం, రేడియో గడియారం లాంటివి ఊరికే కూర్చుని కూడా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి, వారాల్లో బ్యాటరీ అడుగంటుతుంది. దానికి బ్యాటరీ నెగెటివ్ విప్పి వదిలేయడమే మందు. మళ్లీ బిగించకుండా రోడ్డెక్కకూడదు, బ్రేకుల సంగతి ముందే చెప్పాను కదా.

"బండి వెనకాల ఏడు పిన్నుల ప్లగ్గు ఉంది కదా, డ్రైవింగ్‌లో ఛార్జి అయిపోతుంది" అని చాలామంది అంటారు. అవుతుంది, కానీ అంతంతమాత్రం. ఇంజిన్ నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా సన్నటి వైరు, అంత పొడుగూ వోల్టేజీ పడిపోతూ వస్తుంది. పైగా ఇప్పటి బండ్లు పెట్రోలు ఆదా కోసం, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వోల్టేజీని తగ్గించేస్తాయి. ఫ్రిజ్‌ను 12 వోల్టుల మీద పెట్టి నడిపితే వచ్చిన కాస్తా అదే మింగేస్తుంది. మేము ఇప్పుడు డ్రైవింగ్‌లో ఫ్రిజ్‌ను ఆపేస్తున్నాం, ఐసు సీసాలు రెండు పెడితే సాయంత్రం దాకా పాలు విరగవు.

లిథియం వేసేయొచ్చు కదా అని బావమరిది కూడా అడిగాడు. వేయొచ్చు. కానీ దానికి మా కన్వర్టర్ ఇచ్చే 13.6 చాలదు, 14.4 దాకా కావాలి, అంటే కన్వర్టరూ మార్చాలి. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే అది పాడవుతుంది, మా బ్యాటరీ ఉండేదేమో బయట ఫ్రేము మీద. ప్రస్తుతానికి లెడ్ యాసిడే. బండి నుంచి లావుపాటి వైరు లాగి, మధ్యలో, పడిపోయిన వోల్టేజీని పెంచి బ్యాటరీకి ఇచ్చే డీసీ టు డీసీ ఛార్జర్ వేసే పని ఒకటి మిగిలింది, ఎండలు తగ్గాక చూస్తాను.