సిక్ లీవ్‌లో అసలు కారణమే రాశాను

ఒకే జవాబును మళ్లీ మళ్లీ చదివినా బుర్రకెక్కేది కాదు. ఎర్ర పెన్ను పట్టుకుని మార్కు వేయలేక అలాగే కూర్చుండిపోయేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం దాటితే చాలు, రేపు స్కూలుకెళ్లాలని గుండెదడ. పిల్లలు డౌటు అడిగినా విసుగొస్తుంటే భయమేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం ఇచ్చారు. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడిగే 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అన్నది చివరి ప్రశ్న. అక్కడ చెయ్యి ఆగింది. అయినా నిజమే రాశాను. ఆ తర్వాత ఆయన నాతో చాలాసేపు మాట్లాడారు.

నాది బర్నౌట్, అంటే పని ఒత్తిడికి పూర్తిగా అలసిపోవడం, అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, ఉద్యోగం వల్ల తలెత్తే పరిస్థితిగానే చేర్చిందట. నా పరిస్థితి దాన్ని దాటి డిప్రెషన్‌దాకా వచ్చిందని డాక్టర్ చెప్పి, సర్టిఫికెట్‌లో అదే రాశారు.

"జ్వరమనో నడుంనొప్పనో రాయించుకోండి మేడమ్, ఎందుకొచ్చిన గొడవ" అంది తోటి టీచర్. నా మంచి కోరే చెప్పింది. కానీ జ్వరానికి ఎన్నాళ్లని సెలవిస్తారు? పొడిగించాలంటే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. పైగా జ్వరం తగ్గి వచ్చిన మనిషికి పని తగ్గించమని ఎవరడుగుతారు?

హెడ్‌మాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. నా పీరియడ్లు ఎవరి నెత్తిన పడతాయోనన్నదే నా అసలు బెంగ. చాలామంది టీచర్లు ఒళ్లు బాగోకపోయినా సెలవు పెట్టనిది ఇందుకే. "టైంటేబుల్ సంగతి నాకొదిలేయండమ్మా, అది మీ పని కాదు" అన్నారాయన. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

మందులు మొదలుపెట్టగానే గుణం కనిపించలేదు. కొన్ని వారాలు పడుతుందని, బాగుందనిపించినా ఉన్నట్టుండి మానేయొద్దని డాక్టర్ ముందే హెచ్చరించారు. కౌన్సెలింగ్ కూడా సాగింది.

తిరిగి చేరేముందు హెడ్‌మాస్టర్ గారితో కూర్చుని అన్నీ కాగితం మీద పెట్టుకున్నాం. మొదట పొద్దుటి పీరియడ్లు మాత్రమే. క్లాస్ టీచర్ బాధ్యత, పరీక్షల డ్యూటీ లేవు. తర్వాత ఒక్కో క్లాసూ కలుపుకుంటూ వెళ్లాం. నన్ను నిలబెట్టింది సెలవు ఎంతో, ఈ ఏర్పాటూ అంతే. పాత బరువంతా మొదటిరోజే మీద పడితే మళ్లీ మంచమెక్కేదాన్ని.

ఇప్పుడు పూర్తి టైంటేబుల్ చూసుకుంటున్నాను. క్లాస్ టీచర్ బాధ్యత మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నాను, సరేనన్నారు.