పలకని హెచ్ వెనక ఎఫ్

టెక్సస్‌లో పెరిగే పిల్లలకి స్పానిష్ తప్పదు కాబట్టి మా అమ్మాయి స్కూల్లో అదే తీసుకుంది. ఇంట్లో తెలుగు నేర్పడానికి నేను పడే తంటాలు వేరే కథ. ఈ మధ్య దాని గొడవంతా ‘ఆబ్లార్’ మీద. మాట్లాడటం అని అర్థం. రాస్తే ముందు హెచ్ ఉంటుంది, పలికితే ఉండదు. "పలకనప్పుడు రాయడం ఎందుకమ్మా?"

లాటిన్‌లో అది ఫాబులారీ, అంటే కబుర్లు చెప్పుకోవడం. ఇంగ్లీషు ఫేబుల్, ఫాబ్యులస్ దీని చుట్టాలే. ఇన్ఫెంట్ కూడా ఈ ఇంటిదే, మాట రానిది అని (మా చిన్నవాణ్ణి ఇక అలా అనలేం, వాడు నోరు మూయడు). పాత స్పానిష్‌లో ఫబ్లార్ అనే రాసేవాళ్ళు, తర్వాత ఆ ఫ కాస్తా హ అయింది, పోగా పోగా హ కూడా నోట్లోంచి జారిపోయి రాతలో మిగిలింది. పోర్చుగీసువాళ్ళు మాత్రం ఇప్పటికీ ఫలార్ అంటారు. ఈ కిటుకు తెలిస్తే బట్టీ సగం తగ్గుతుంది: పొగకి ఊమో, ఇంగ్లీషులో ఫ్యూమ్; చీమకి ఓర్మీగా, ఫార్మిక్ ఆసిడ్; ఇనుముకి ఇయెర్రో, కెమిస్ట్రీలో ఫెర్రం.

నాకిది వెంటనే ఎక్కింది, మాది హిందూపురం మరి. బస్సెక్కితే కర్ణాటక. మన పాలు అక్కడ హాలు, పులి హులి, పండు హణ్ణు, పువ్వు హూవు. పాత కన్నడలో ఇవన్నీ ప తోనే ఉండేవి. అది విని మా అమ్మాయి "అయితే మనం పోర్చుగీసువాళ్ళలాగా పాతది ఉంచేసుకున్నామన్నమాట" అంది. ఇంత తెలుగు ముక్క అది తనంతట తాను అనడం అరుదు.

మర్నాడే నిలదీసింది, నిప్పుకి ఫుయేగో అంటారు, అది ఉయేగో ఎందుకు కాలేదని. తర్వాత ‘ఉయే’ వస్తే ఫ అలాగే నిలిచిపోయింది, బలమైన అనే అర్థంలో ఫుయెర్తె కూడా అంతే. ఫాబులా అన్న మాట మళ్ళీ స్పానిష్‌లోనే ఉంది, చదువుకున్నవాళ్ళు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నది. మన లెక్కలో ఆబ్లా తద్భవం, ఫాబులా తత్సమం. ఈ రెండు మాటలూ తనకి కొత్త, మనకేమున్నాయో చెప్పమంది. విద్య, విద్దెతో మొదలుపెట్టాం.