ఫెయిరీ క్వీన్ నమూనా: ఇప్పటిదాకా జరిగిన పని

మే చివరి వారం

ఫెయిరీ క్వీన్ నమూనా మొదలుపెట్టాను. స్కేలు 1:32, అంటే అసలు ఇంజిన్‌లో 32వ వంతు. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1855లో కిట్సన్ కంపెనీ తయారుచేసిన ఆవిరి ఇంజిన్ ఇది. ఈస్ట్ ఇండియన్ రైల్వేలో దీని నంబరు 22. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు, మధ్యలో మనిషెత్తు చక్రాల జత. డ్రాయింగు నా దగ్గర లేదు. గట్టిగా నమ్మగలిగిన కొలతలు రెండే: మధ్య చక్రం వ్యాసం 6 అడుగులు, పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. అంటే నమూనాలో చక్రం 57 మి.మీ., పట్టాల మధ్య 52.4 మి.మీ. మిగతావన్నీ ఫోటోల నుంచి రాబట్టాల్సిందే.

నిరుడు డిసెంబరులో, ఈ ఇంజిన్ ఉన్న హర్యానాలోని రేవాడీ స్టీమ్ షెడ్డుకి వెళ్లినప్పుడు చాలా ఫోటోలు తీశాను. ఫోన్‌తో దగ్గర నుంచి తీసినవి కొలతలకు పనికిరాలేదు, అంచుల దగ్గర గీతలు వంగిపోయాయి. పదిహేను మీటర్లు వెనక్కి వెళ్లి, కెమెరాని ఇరుసు ఎత్తులో పెట్టి, జూమ్ చేసి సరిగ్గా ఎదురుగా తీసిన ఒక్క ఫోటోనే పనికొచ్చింది. అందులో పెద్ద చక్రం అడ్డంగా 411 పిక్సెల్స్ ఉంది. ఆరడుగులంటే 1829 మి.మీ. కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి 4.45 మి.మీ. లెక్క కుదిరింది.

ఎవరైనా ఇలా చేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త. ఈ లెక్క చక్రం ఉన్న వరసకే పనిచేస్తుంది. బాయిలర్ చక్రం కన్నా లోపలికి ఉంటుంది కాబట్టి ఫోటోలో చిన్నదిగా పడుతుంది. అంత దూరం నుంచి తీసినా దాదాపు 5 శాతం తేడా వస్తుంది. నేను ముందు అది చూసుకోలేదు. కోసిన బాయిలర్ ముక్క చక్రాల పక్కన సన్నగా, బక్కగా కనిపించేసరికి మళ్లీ మొదటికి వచ్చాను. ఇప్పుడు 32 మి.మీ. పీవీసీ పైపు మీద 2 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన నురగ ప్లాస్టిక్ అట్ట) చుట్టాను.

జూన్ రెండో వారం

మొత్తం చక్రాలే. బజారులో 57 మి.మీ. పైపు దొరకదు. 50 మి.మీ. పీవీసీ పైపుని 5 మి.మీ. ముక్కలుగా కోసి, 2 మి.మీ. సన్‌బోర్డు పట్టీని హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి రెండు చుట్లు చుట్టాను. 58 వచ్చింది. 220 నంబరు ఉప్పుకాగితంతో తిప్పుతూ అరగదీస్తే 57కి దిగింది. పట్టాని పట్టుకునే అంచు కోసం లోపలి వైపు 59 మి.మీ. బిళ్ల అతికించాను. పట్టీ అతుకు చక్రం కింది భాగంలోకి వచ్చేలా పెడితే కనబడదు. చక్రం ఆకులకి వెదురు పుల్లలు వాడాను. సాయంత్రానికి మూడే కుదిరేవి, ఒక్క పుల్ల అర మి.మీ. పొడుగైనా మధ్య బొడ్డు పక్కకి జరిగిపోతుంది. రెండు పెద్ద చక్రాలకీ పదకొండు రోజులు పట్టింది. ఆ రెండూ బల్ల మీద నిలబడ్డ రోజు రాత్రి వాటినే చూస్తూ కూర్చున్నాను.

జూన్ చివర

ఏ కాలం నాటి ఇంజిన్‌ని చేయాలి? ఇది తేలక నాలుగు రోజులు పని ఆపేశాను. 1909లో సర్వీసు నుంచి తప్పించాక ఈ ఇంజిన్ హౌరా స్టేషన్ బయట దిమ్మె మీద 1943 దాకా నిలబడింది. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ కేంద్రంలో ఉంది. అక్కడి నుంచి ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైల్ మ్యూజియంకి చేరింది. 1997లో మళ్లీ ఆవిరి ఎక్కించి ఢిల్లీ–అల్వార్ మధ్య నడిపారు. క్రమం తప్పకుండా నడుస్తున్న అతి పాత ఆవిరి ఇంజిన్‌గా 1998లో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. 2011లో దాని విడిభాగాలు దొంగతనానికి గురైతే పెరంబూరు వర్క్‌షాపులో బాగుచేశారు.

నడిపించాలంటే బాయిలర్ ఒత్తిడికి ఆగాలి, అరిగినవి మార్చాలి. మార్చిన ప్రతిసారీ 1855 నాటి ఇనుము కొంత పోతుంది. నా మట్టుకు నాకు, దీని జంట ఇంజిన్ 21వ నంబరు ‘ఎక్స్‌ప్రెస్’ని నడిపి, దీన్ని నీడపట్టున కదపకుండా ఉంచితే బాగుంటుందనిపిస్తుంది. చివరికి నేను చూసిన రోజు ఎలా ఉందో అలాగే చేయాలని నిర్ణయించుకున్నాను. ఫోటోకి అందని అడుగు భాగం, రెండో పక్క గొట్టాలు ఊహించి చేసినవే. వాటికి పచ్చ రంగు వేయకుండా బూడిద రంగుతో వదిలేస్తున్నాను. మ్యూజియాల్లో విరిగిపోయిన భాగం పూరించినప్పుడు అది కొత్తదని దగ్గరికెళ్తే తెలిసేలా ఉంచుతారు, అదే పద్ధతి.

పెదనాన్న బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు. ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఆరుబయట ఉన్న 815వ నంబరు బేయర్ గ్యారట్ ఆవిరి ఇంజిన్ ఫోటో చూపించాను. బెంగాల్ నాగపూర్ రైల్వేది, మన వాల్తేరు దాకా రైళ్లు నడిపిన కంపెనీ. ఆయన ఇంజిన్ అందం సంగతి ఎత్తనే లేదు. “ఒరే, నిలబెట్టేముందు స్మోక్‌బాక్స్ ఊడ్చారో లేదో అడిగావా? బూడిదకి తడి తగిలితే రేకుని తినేస్తుంది” అన్నారు. స్మోక్‌బాక్స్ అంటే పొగగొట్టం కింద పొగ, బూడిద చేరే గది. ఆయనన్నది నిజమే, బొగ్గులోని గంధకం నీళ్లతో కలిస్తే ఆమ్లమవుతుంది. పొగగొట్టానికి మూత లేకపోతే వాన నేరుగా అందులోకే దిగుతుంది. బాయిలర్ మీది తొడుగు రేకు కింద చేరిన తడి ఇంకా ప్రమాదం, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు పొరలు లేస్తుంది.

జూలై మూడో వారం

రంగు చెడింది. ముసురు పట్టిన రోజు స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో పచ్చ రంగు మీద తెల్లటి మసక కమ్మింది. గాలిలో తేమ ఎక్కువుంటే లక్కరు అలాగే తెల్లబడుతుంది. టెన్షన్ పడి గుడ్డతో తుడవబోయాను, అంటుకుని ఇంకా పాడైంది. రెండు రోజులు ఆరనిచ్చి, 600 నంబరు కాగితంతో నీళ్లు పెట్టి తేలిగ్గా రుద్ది, ఎండ కాసిన మధ్యాహ్నం రెండు పలచటి కోట్లు కొడితే సరిపోయింది. రివెట్లు మాత్రం ఆ రుద్దుడుకి కొన్ని లేచిపోయాయి. ఫెవికాల్ చుక్కలు టూత్‌పిక్ మొనతో మళ్లీ పెట్టాను. చుక్క పెట్టగానే పెద్దదిగా ఉంటుంది, ఆరాక కుంగుతుంది. కావలసిన దానికన్నా కాస్త పెద్దగానే పెట్టాలి.

ఇక ఇత్తడి రేకు మీద 22 నంబరు ప్లేటు, అద్దాల పెట్టె మిగిలాయి. పెట్టె అడుగున సిలికా జెల్ సంచి మార్చుకోవడానికి చిన్న సొరుగు పెడుతున్నాను. పొగగొట్టానికి ఊడదీయగలిగే మూత ఒకటి చేయమని పెదనాన్న అడిగారు, దాని కోసం 1 మి.మీ. షీటు తెచ్చాను.